భర్త లేక తండ్రి సంతకం

"ప్రార్థనలో పెడదాం" అన్నాడాయన, పేపరు మీంచి తల ఎత్తకుండా.

టీచరమ్మ అప్పుడు ఆయన తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తోంది. ఆ మాట వినగానే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. కాలరు మాడితే దాని మీద కూడా ఒక ప్రార్థన మొదలవుతుందని గుర్తొచ్చి మళ్లీ కదిలింది. ఎదురుగా బల్ల మీద, ఆయన టీ కప్పు కింద, రెండు పేజీల ఫారం ఉంది. బడినుంచి తెచ్చి అక్కడ పెట్టింది ఆమె. దాని మీద కప్పు పెట్టింది ఆయన.

కొన్ని ఇళ్లలో కాదనడానికి అరుస్తారు, కొన్ని ఇళ్లలో కంచం విసురుతారు. ఈ ఇంట్లో అలాంటి మోటు పనులు లేవు. ఆయన ఆఫీసులో సూపరింటెండెంటు, చర్చిలో కార్యదర్శి, రెండు చోట్లా మృదుభాషి. పెళ్లయిన ఇరవై ఆరేళ్లలో భార్యతో ఒక్కసారి కూడా "వద్దు" అని ఎరగడు. "ప్రార్థనలో పెడదాం" అంటాడు, అంతే. పుస్తకాలకు ఒక బీరువా కావాలని ఆమె అడిగి ఏడేళ్లయింది. అది ప్రార్థనలో ఉంది, పుస్తకాలు మంచం కింద చెప్పుల పక్కన ఉన్నాయి. అక్కగారింటికి వెళ్లి మూడు రోజులు ఉండి రావాలన్న కోరిక నాలుగేళ్లుగా ప్రార్థనలో ఉంది. వంటింట్లో కుళాయి కారడం మొన్ననే అందులో చేరింది. ఆయన కోరికల సంగతి వేరు. వెనక్కి వాలే కుర్చీ కావాలని శనివారం సాయంత్రం మోకరించాడు, సోమవారం మధ్యాహ్నానికి కుర్చీ హాల్లో ఉంది, ఆయన అందులో ఉన్నాడు. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఆయన ఎప్పుడూ మొదటి బంతిలోనే కూర్చునేవాడు.

అలాగని టీచరమ్మకు భక్తి తక్కువనుకుంటే పొరపాటు. దేవుడితో ఆమెకు రోజూ మాటలుండేవి, గిన్నెలు తోమేటప్పుడు. గదిలో మోకాళ్ల మీద కూర్చుంటే ఎవరో ఒకరు టీ అడుగుతారు. సింకు దగ్గర నిలబడితే మాత్రం, ఎక్కడ పని చెబుతుందోనని, ఒక్క ప్రాణీ అటు రాదు. "ప్రభువా, నువ్వు ఎవరితోనైనా నేరుగా మాట్లాడతావు కదా, నా విషయంలోనే ఎందుకు మా ఆయన చేత కబురు పెడతావు?" అని అక్కడే అడిగేది. నిష్ఠూరంగా కాదు, చనువుగానే. ఇరవై ఆరేళ్లుగా దేవుడి జవాబులన్నీ ఆమెకు భర్త గొంతులోనే వినపడ్డాయి. అదే దేవుడి గొంతేమోనని కొత్తలో కొన్నేళ్లు నమ్మింది కూడా, పాపం.

ఇక ఆ ఫారం సంగతి. విద్యాశాఖవాళ్లు ఏటా కొందరు ఉపాధ్యాయుల్ని ఎంచి, పది రోజులు సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద నగరానికి తీసుకెళతారు. అక్కడ మూడంతస్తుల పాత గ్రంథాలయం ఉంది, ఓడల మ్యూజియం ఉంది, పైదాకా ఎక్కనిచ్చే లైట్‌హౌస్ ఉంది. ఈసారి వీళ్ల బడినుంచి డ్రిల్లు మాస్టారు, టీచరమ్మ ఎంపికయ్యారు. ఆమె ఇరవై మూడేళ్లుగా భూగోళం చెబుతోంది. ఆటుపోట్ల పాఠానికి ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి ఊపుతుంది. ఒకసారి ముందు బెంచీ పిల్ల లేచి, "టీచర్, సముద్రం నీళ్లు నిజంగా ఉప్పగా ఉంటాయా? మీరు నోట్లో పోసుకున్నారా?" అని అడిగింది. "పోసుకున్నానమ్మా" అని అబద్ధమాడి, ఆ పూటంతా గిన్నెల దగ్గర క్షమాపణ అడిగింది. ఆ పిల్ల ఇప్పుడు ఓడలో ఉద్యోగం చేస్తోంది. టీచరమ్మ ఇంకా టబ్బే ఊపుతోంది.

ఆమె చూసిన లోకమంతా పుస్తకాల్లోదే. యాత్రల పుస్తకం ఒకటి ఉప్పుడబ్బాకు ఆనించి, కూర కలుపుతూ చదివేది. ఎడారి దాటేలోపు అన్నం ఉడికేది, మంచుకొండ ఎక్కేలోపు ఎవరో ఒకరు తువ్వాలు అడిగేవారు. "టీచరమ్మగారూ, మీరు తిరిగిచ్చిన పుస్తకం ఎక్కడ తెరిచినా ఉల్లిపాయ వాసనండీ" అనేవాడు బడి గ్రంథపాలకుడు. ఎన్ని దేశాలు తిరిగినా ఆమె వంటింటి గడప దాటలేదని ఆ పుస్తకాలే సాక్ష్యం చెప్పేవి.

ఫారంలో చిట్టచివర ఒక గడి ఉంది. "భర్త లేక తండ్రి సంతకం, స్త్రీలకు మాత్రమే" అని. డ్రిల్లు మాస్టారు తన ఫారం బీరువాకు ఆనించి రెండు నిమిషాల్లో నింపేసి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

"ఆయన భార్య సంతకం అక్కర్లేదా?" అని అడిగింది టీచరమ్మ బడి గుమాస్తాని.

"మగాళ్లు ఎక్కడికి పోతారమ్మా?" అన్నాడు గుమాస్తా. "మీ దాంట్లో మాత్రం ఆ గడి ఖాళీగా ఉండకూడదు. ఖాళీ ఉంటే ఫారం వెనక్కి తిప్పికొడతారు. సోమవారం పన్నెండింటికల్లా నాకిచ్చెయ్యండి."

తండ్రి పోయి తొమ్మిదేళ్లు. ఉంటే చదవకుండానే సంతకం పెట్టి, "నాకో శంఖం పట్రామ్మా" అనేవాడు. అంటే సంతకానికి అర్హులైన ఇద్దరిలో ఒకరు పరలోకంలో, ఒకరు పేపరు వెనకాల ఉన్నారు.

"పది రోజులంటే మాటలా?" అన్నాడు పేపరు వెనకాల ఉన్నాయన. "అమ్మకి మందులెవరిస్తారు?"

"అత్తయ్య మందులు అత్తయ్యే వేసుకుంటారండీ. మీవి కూడా ఆవిడే గుర్తు చేస్తారు."

"తొందరపడకూడదంటున్నాను. దైవచిత్తం తెలియాలి."

"సోమవారంలోపు తెలుస్తుందాండీ?"

"దేవుడికి గడువు పెడతావా?" అని ఆయన పేజీ తిప్పాడు.

లోపలి గదిలోంచి అత్తగారు అందుకుంది. "వెళ్లి ఏం చూస్తుందిరా? నీళ్లేగా! మన ట్యాంకులో లేవా?"

బుధవారం ఇంట్లో ప్రార్థన కూటం. ఆయన ఈ ప్రయాణం విషయం చెప్పగానే వచ్చిన ఇరవై ఇద్దరూ ఒక్కసారి నిట్టూర్చారు, ఇంట్లో జబ్బు మనిషి ఉన్నట్టు. అందరిలోకీ పొడుగు ప్రార్థనలు చేసే పిన్నిగారు ఒకావిడ ఉంది. ఆవిడ కళ్లు మూసిందంటే టీ రెండుసార్లు వెచ్చబెట్టాల్సిందే. "ప్రభువా, నీ దాసురాలి మనసులో పుట్టిన ఈ తిరుగుడు ఆశ నీది కాకపోతే వేళ్లతో సహా పెరికెయ్యి తండ్రీ" అని ఆవిడ మొదలుపెట్టింది. టీచరమ్మ వంటింట్లో కప్పులు సర్దుతూ వింటోంది. తను ఇల్లు కదలకుండా టీలు కాచుకుంటూ ఉండాలని ఇరవై ఇద్దరు వేడుకుంటుంటే, ఆ ఇరవై ఇద్దరికీ టీ కాస్తున్నది తనే. అలవాటు కొద్దీ గట్టిగా "ఆమెన్" కూడా అనేసి నాలుక కరుచుకుంది.

వాళ్ల చర్చి వాకిట్లో ఒక బోర్డు ఉంది. ఎడమవైపు ప్రార్థన అంశాలు, కుడివైపు స్తుతి అంశాలు. ఎవరికేం కావాలన్నా చీటీ రాసి ఎడమవైపు గుచ్చాలి. జవాబు వచ్చాక అదే చీటీని తీసి కుడివైపు గుచ్చాలి, కొత్త చీటీ రాయకూడదు. ఆదివారం పాస్టరుగారు కుడివైపువి చదివితే అందరూ దేవుణ్ణి స్తుతిస్తారు. పదిహేనేళ్లుగా ఆ బోర్డు అత్తగారి రాజ్యం. గుండుసూదులు పెదాల మధ్య పట్టుకుని ఆవిడ దాని ముందు నిలబడితే పాస్టరుగారు కూడా పక్కకు తప్పుకుని వెళ్లేవారు. కొడుకు కార్యదర్శి హోదాలో ఎర్ర సిరాతో రాసి ఇచ్చిన చీటీ, "మన టీచరమ్మ ప్రయాణం గురించి" అన్నది, గురువారం నుంచీ ఎడమవైపు వేలాడుతోంది.

శనివారం ఆడవాళ్లు చర్చి శుభ్రం చేసే రోజు. మగవాళ్లకు అందులో పర్యవేక్షణ కమిటీ ఉంది. టీచరమ్మ నేల తుడుస్తూ వాకిలిదాకా వచ్చేసరికి, అత్తగారు ఆ చీటీని ఎడమవైపునుంచి పీకి కుడివైపు గుచ్చుతోంది.

"అదేంటత్తయ్యా, అటు పెడుతున్నారు?"

"జవాబు వచ్చేసిందిగా."

"ఏమని వచ్చింది?"

అత్తగారు నోట్లో సూదులు తీసి, తెలివితక్కువ పిల్లకు చెప్పినట్టు చెప్పింది. "నువ్వు వెళ్లట్లేదుగా! వాడు ప్రార్థనలో పెడదామన్నాడంటే అక్కడితో సరే కదా. మాటా మాటా పెరక్కుండా, ఇంట్లో గొడవ లేకుండా తేలిపోయింది. దేవుడికి స్తుతి చెప్పొద్దూ?"

టీచరమ్మ ఆ చీటీ వంక చూసింది. స్తుతి అంశాల కింద, ఎర్ర సిరాతో, మన టీచరమ్మ ప్రయాణం గురించి. అత్తగారికి దాని అర్థం ఒకటి. పాస్టరుగారికి, చర్చిలో ఉన్న మూడు వందల మందికీ దాని అర్థం ఇంకొకటి. ఒక్క మాట చెబితే ముసలావిడ నాలుక కరుచుకుని సరిచేసేది. ఆ మాట గొంతుదాకా వచ్చింది. వచ్చింది గానీ, అక్కడే ఆమెకు ఇంకో ఆలోచన తగిలింది. చీటీ రాసింది తను కాదు, మార్చింది తను కాదు. ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఇంట్లో అందరి శాంతీ కాపాడింది, అందుకు ఆమెను గుణవంతురాలన్నారు. ఇవాళ అదే నోరు మూసుకోవడం తనకు కూడా ఒకసారి పనికొస్తే తప్పేమిటి? నేల తుడిచే కర్ర గట్టిగా పట్టుకుంది.

"ఆ మూల తుడవలేదు చూడు" అంది అత్తగారు. ఆమె ఆ మూల కూడా తుడిచింది.

ఆదివారం పాస్టరుగారు చీటీలు చేత పట్టుకుని వేదిక ఎక్కారు. మంచి వార్తను ఉన్నదున్నట్టు చెప్పి ఊరుకునే మనిషి కాదాయన. "ఇదిగో, ఇంకొక గొప్ప స్తుతి! మన టీచరమ్మగారి ప్రయాణానికి ప్రభువు తలుపు తెరిచాడు! అంతకన్నా ముందు ఎవరి హృదయం తెరిచాడు? మన కార్యదర్శిగారి హృదయం!"

హాలంతా "ఆమెన్" అని మోగింది. టీచరమ్మకు మగవాళ్ల వరుసలో భర్త మెడ వెనకభాగం ఒక్కటే కనిపిస్తోంది. అది మెల్లగా రంగు మారింది. లేచి కాదనాలంటే మూడు వందల మంది ముందు భార్యను ఆపినవాడవుతాడు, ఊరుకుంటే పంపినవాడవుతాడు. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు. పాస్టరుగారు అంతటితో వదల్లేదు, వచ్చి రెండు మాటలు చెప్పమన్నారు.

అందిన మైకును వెనక్కిచ్చిన చరిత్ర ఆయన వంశంలో లేదు. "అసలు ఈ విషయంలో... నేనూ... ప్రార్థనాపూర్వకంగా..." అని తడబడ్డాడు. ముందు వరుసలో ఒక పెద్దాయన, "భర్తంటే అలా ఉండాలి!" అన్నాడు. ఎవరో చప్పట్లు కొట్టారు. అంతే, ఆయన మునగచెట్టు ఎక్కేశాడు. నాలుగో నిమిషానికి తను చెబుతున్నది తనే నమ్మేశాడు. "ఆడవాళ్లు చదువుకుంటే చాలదు, లోకం చూడాలి! ఈ మాట నేను మా ఇంట్లో మొదట్నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాను. మా ఆవిడే ఇల్లు వదిలి కదలనంటుంది. ఈసారి నేనే బలవంతం చేశాను." పన్నెండు నిమిషాలు మాట్లాడాడు. వేదిక మీది మనిషి ఎంతో మంచివాడుగా, విశాల హృదయుడుగా కనిపించాడు టీచరమ్మకు. ఈయన్ని చేసుకున్న అదృష్టవంతురాలెవరో అనుకుంది.

పక్కన అత్తగారు మోచేత్తో పొడిచింది. "వీడేంటే, ఇలా అంటున్నాడు?"

"దైవచిత్తం అత్తయ్యా."

"కాదే, నేను చీటీ పెట్టింది..."

"మెల్లగా. ప్రార్థన మొదలైంది."

బయట పొడుగు ప్రార్థనల పిన్నిగారు వచ్చి టీచరమ్మను గట్టిగా కావలించుకుంది. "బుధవారం నేను ఎంత భారంతో ప్రార్థించానో చూశావుగా! నా ప్రార్థన ఎప్పుడూ వట్టిపోదు" అంది. టీచరమ్మ ఆవిడకు వినయంగా కృతజ్ఞతలు చెప్పింది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన ముఖం వెలిగిపోతోంది. ఎవరెవరు ఏమేమి మెచ్చుకున్నారో తల్లికి చెప్పి, భార్యకు చెప్పి, మళ్లీ తల్లికి చెప్పాడు. ముసలావిడ అయోమయంగా ముద్ద మింగుతోంది.

"మరి సంతకం?" అంది టీచరమ్మ.

"పెడతాన్లే, ఎక్కడికి పోతుంది? కానీ చూడు, పది రోజులకీ కూరలు వండి, డబ్బాల మీద ఏ రోజుదో రాసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లు. రోజుకు మూడుసార్లు ఫోన్ చెయ్యాలి. ఆ లైట్‌హౌస్ ఎక్కేముందు ఒకటి, దిగాక ఒకటి, అవి వేరే." నీళ్లు తాగి, గొంతు సవరించుకున్నాడు. "అన్నట్టు, పురుషుల కూటంలో నన్ను మాట్లాడమన్నారు పాస్టరుగారు. ఆదర్శ గృహస్థుడు అని అంశం. నాకు తీరిక లేదు, నువ్వే ఒక రెండు పేజీలు రాసిపెట్టు. నీకైతే భాష బావుంటుంది."

ఆ సాయంత్రం ఆమె కూర్చుని ఆదర్శ గృహస్థుడి మీద రెండున్నర పేజీలు రాసింది. ఊహించి రాయడం ఆమెకు కొత్త కాదు, ఇరవై మూడేళ్లుగా సముద్రం గురించి అలాగే చెప్పింది. సోమవారం పొద్దున ఆయన ఆ కాగితాలు చదివి, "బాగా వచ్చింది, అచ్చం నేను మాట్లాడినట్టే ఉంది" అని మెచ్చుకుని, బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు. స్నానాలగదిలోంచి ఆమె వచ్చేసరికి బల్ల మీద ఫారం అలాగే ఉంది. దాని మీద టీ మరక ఇంకోటి చేరింది. చివరి గడి ఖాళీగా ఉంది.

పదకొండున్నరకు స్టాఫ్‌రూమ్‌లోంచి ఫోన్ చేసింది.

"పొద్దున గుర్తు చెయ్యొద్దూ?" అన్నాడాయన. "సాయంత్రం పెడతాన్లే."

"పన్నెండింటికల్లా ఇవ్వాలండీ."

"ఒక పూట ఆగితే కొంపలేం మునగవు. నా పేరు చెప్పు, ఆగుతారు. చర్చిలో అందరి ముందూ ఒప్పుకున్నాను కదా, ఇంకా సంతకమేమిటి? ఉంటాను, ఇక్కడ జనం ఉన్నారు."

టీచరమ్మ ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోపం ముంచుకొచ్చింది, వెనకాలే ఏడుపు వచ్చింది. ఆయన కాదని ఉంటే ఇంత మండేది కాదు. మర్చిపోయాడు. మెప్పంతా మోసుకుపోయి, అసలు పని మర్చిపోయాడు. ఆమె పది రోజుల సముద్రం ఆయన తలలో ఒక రాత్రి కూడా నిలవలేదు. కళ్లు మూసుకుని, "ప్రభువా, ఇప్పుడేం చెయ్యను?" అంది. ఎవరి గొంతూ వినపడలేదు, ఆయనది కూడా. పక్క తరగతిలో పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు. అక్కడ తనను వద్దంటున్నవాళ్లెవరూ లేరని ఆమెకు మెల్లగా తెలిసింది.

పన్నెండుకు ఇంకా ఇరవై నిమిషాలున్నాయి. ఫారం ముందు పెట్టుకుని పెన్ను తీసింది. ఆయన సంతకం ఆమెకు కొట్టిన పిండి. తీరిక లేదని ఆయన అన్నప్పుడల్లా చర్చి ఉత్తరాల మీద ఎన్నిసార్లు తనే గిలికిందో లెక్కలేదు. చివర తోక తిప్పడం కూడా వచ్చు. మూడు సెకన్ల పని. పాళీ కాగితానికి ఆనించింది గానీ, చెయ్యి కదల్లేదు. ఆ గడిలో ఆయన పేరు గీస్తే, రేపు ఆ సముద్రం ముందు ఆయన పంపితే వచ్చిన మనిషిగా నిలబడాలి. పురుషుల కూటంలో ఆయన చెప్పబోయేది నిజమైపోతుంది. ఇన్నాళ్లూ ఆయన పేరుతో తను చాలా పనులు చేసిపెట్టింది, ఈ ఒక్కటి చెయ్యలేననిపించింది.

గడిలో తన పేరు రాసింది. పొట్టిగా కాదు, ఇంటిపేరుతో సహా, పిల్లలకు బోర్డు మీద రాసేంత గుండ్రంగా. కింద సన్నటి అక్షరాల్లో ఇంకో గీత ఉంది, సంతకం చేసినవారు మీకు ఏమవుతారని. అదీ నింపి, మెట్లు దిగి, గుమాస్తా చేతిలో పెట్టింది.

గుమాస్తా వేలు పెట్టి గడులన్నీ వరసగా చూసుకున్నాడు. ఖాళీ ఏదీ లేదు. ముద్ర ఎత్తి దబ్బున కొట్టాడు. తర్వాత, ఊరికే చివరి గీత చదివి, తలెత్తాడు.

"అమ్మా, ఇక్కడ 'నేనే' అని ఉందేంటి?"

"మరెవరున్నారండీ?" అంది టీచరమ్మ పెన్ను మూత పెడుతూ. "మా ఇంట్లో నన్ను వెళ్లమన్నది ఆ సంతకం పెట్టినావిడ ఒక్కతే."